అక్షరాలా నమ్మండి: అలంకారాలు నేర్చుకునేవాళ్ళకు తలకిందుల సలహాలు

పదో తరగతి గైడు ఏది తెరిచినా అలంకారాల పాఠం ఒకే వరసలో ఉంటుంది. ముందు లక్షణం, దాని కింద ఉదాహరణ, ఆ కింద సమన్వయం. ముఖాన్ని చంద్రబింబంతో పోల్చితే ఉపమ. ముఖమే చంద్రబింబం అంటే రూపకం. ఆ ముఖం చంద్రబింబమేమో అని ఊహిస్తే ఉత్ప్రేక్ష. ఒక్క ముఖం, ఒక్క చంద్రుడు, మూడు అలంకారాలు. పిల్లలు ఎక్కం అప్పజెప్పినట్టు అప్పజెబుతారు. పరీక్ష అయిన మర్నాటికి ముఖమూ గుర్తుండదు, చంద్రుడూ గుర్తుండడు.

కళ్యాణదుర్గం చుట్టుపక్కల బడుల్లో ఇరవై ఆరేళ్ళు తెలుగు చెప్పాను. మొదటి పదేళ్ళు నేనూ ఆ వరసలోనే చెప్పాను. తర్వాత తిప్పేశాను. ఇక్కడ రాస్తున్నవి ఆ తిప్పిన వరసలోంచి పుట్టిన సలహాలు. విన్న తోటి అయ్యవార్లలో చాలామంది ఇవి తప్పుడు సలహాలన్నారు, పిల్లల మార్కులు పోతాయన్నారు. కొన్నిసార్లు పోయాయి కూడా. అయినా ఇందులో ఒక్కదాన్నీ నేను వెనక్కి తీసుకోను.

చెప్పిన మాటను చెప్పినట్టే నమ్మండి

అలంకారం కనిపించగానే 'ఇది నిజంగా అన్నది కాదు, అందం కోసం అన్నది' అని పిల్లలకు చెప్పేస్తాం. ఆ మాట చెప్పిన క్షణంలోనే పాఠం ముగిసిపోతుంది. నిజం కానిదాని గురించి పిల్లవాడు ఎందుకు ఆలోచిస్తాడు? నేను దీనికి ఎదురు చెబుతాను. కవి అన్నది నిజంగానే అన్నాడనుకోండి. అక్షరాలా నమ్మండి. నమ్మి, ఎక్కడిదాకా నిలబడుతుందో చూడండి.

ఒక ఏడు తరగతిలో, చంద్రుణ్ణీ తామరపువ్వునూ హంసనూ పక్కన పెట్టి, ఇంట్లో చూసినదానితో ఒక పోలిక రాయమన్నాను. కంబదూరు వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి ఇలా రాసింది: "మా నాయన అరికాళ్ళు మా చేను మాదిరి పగిలినాయి." నాకు గొంతు పట్టేసింది. బాగుందని బోర్డు మీద రాయబోతున్నాను. వెనక బెంచీ పిల్లవాడు లేచాడు.

"పగల్దు సార్."

"ఏం పగల్దురా?"

"వాళ్ళ చేను పగల్దు సార్. నాకు తెల్సు, అది ఎర్రనేల, గరుసు. పగిలేది నల్లరేగడి. ల్యాకుంటే చెరువు అడుగు."

తరగతి అంతా నవ్వుతుందనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. అందరూ సేద్యగాళ్ళ పిల్లలే. అమ్మాయి కాసేపు వాదించింది, తర్వాత కొట్టేసి మళ్ళీ రాసింది: "మా నాయన అరికాళ్ళు ఎండిన చెరువు మాదిరి పగిలినాయి."

ఆ పిల్లవాడు పోలికను అక్షరాలా నమ్మాడు కాబట్టే దాంట్లో ఉన్న తప్పు పట్టుకున్నాడు. అలంకారమే కదా అని వదిలేసి ఉంటే చేను చేనుగానే ఉండిపోయేది. దిద్దిన పోలికలో మొదటిదాంట్లో లేనిది ఒకటి వచ్చి చేరింది. చెరువు ఒకప్పుడు నిండింది. నిండినందుకే దాని అడుగున మెత్తటి ఒండ్రు పేరుకుంది. ఒండ్రు పేరుకున్నందుకే ఎండితే పగిలింది. వాళ్ళ నాయన ఒకప్పుడు చెరువు కింద వరిమడి చేసినవాడని ఆ తర్వాత తెలిసింది. ఆ సంగతి అమ్మాయి రాయలేదు, పోలికే మోసుకొచ్చింది.

ఈ సందర్భంలోనే ఇంకో మాట. కరువు అనగానే పత్రికల్లో నెర్రెలిచ్చిన నేల బొమ్మ వేస్తారు. అది చాలావరకు చెరువు అడుగో, జలాశయం అడుగో. మా దిక్కు మెట్టచేలో కరువు అలా కనబడదు. కరువు పచ్చగా కూడా ఉంటుంది. చెనక్కాయ చెట్టు పైన పూత పూస్తుంది. పూతలోంచి ఊడ కిందికి దిగి నేలలో దూరితేనే కాయ కడుతుంది. సరిగ్గా ఆ పదిహేను ఇరవై రోజుల్లో పదును లేకపోతే నేల గట్టిపడి ఊడ దూరదు. దారిన పోయేవాడికి చేను పచ్చగా, ముచ్చటగా ఉంటుంది. పెరికి చూస్తే కింద ఏమీ ఉండదు. ఉన్నది ఉన్నట్టు చెప్పడాన్ని మన లాక్షణికులు స్వభావోక్తి అన్నారు. దండి తన కావ్యాదర్శంలో అలంకారాలను దానితోనే మొదలుపెట్టాడు. కుంతకుడేమో అది అలంకారమే కాదన్నాడు. నేను దండి పక్షం. పచ్చగా ఉన్న చేలో కాయ లేదని ఉన్నదున్నట్టు చెప్పగలిగినవాడు ఏ ఉత్ప్రేక్షకూ తీసిపోడు.

అక్షరార్థాన్ని పట్టుకు వేలాడటం మొరటుతనం అంటారు. శాస్త్రం అలా అనలేదు. లక్షణ అనే శబ్దవ్యాపారాన్ని, అంటే మాట తన అసలర్థం దాటి మరో అర్థం ఇవ్వడాన్ని, వివరించడానికి ఆలంకారికులు వందల ఏళ్ళుగా వాడే ఉదాహరణ ఒకటుంది, 'గంగలో గొల్లపల్లె' అని. ప్రవాహంలో పల్లె ఉండదు. కాబట్టి గట్టు మీద పల్లె అని తెలుసుకుంటాం. మరి గట్టు మీద అని నేరుగా అనక గంగలో అని ఎందుకన్నాడు? ఆ చల్లదనం, ఆ పావనత్వం పల్లెకు అంటాలని. ఇందులో మొదటి మెట్టు పేరు ముఖ్యార్థబాధ. మాటకున్న అసలర్థం పొసగక అడ్డం తగలాలి. అడ్డం తగలాలంటే ముందు అసలర్థాన్ని నమ్మి నడవాలి కదా! 'అందం కోసం అన్నది' అని ముందే చెప్పేస్తే పిల్లవాడు ఆ మెట్టు ఎక్కడు, తట్టుకోడు, పైకీ పోడు.

మా ఊళ్ళో దీనికి గంగ దాకా పోనక్కరలేదు. "ఊరంతా బెంగుళూరికి పోయింది" అంటారు, వానలు మొహం చాటేసిన ఏడు. ఊరు నడవదు. పోయినవాళ్ళు మనుషులు. సరే, అక్షరాలా నమ్మి ఆ ఊరికి వెళ్ళి చూడండి. తాళాలు పడిన ఇళ్ళ మధ్య అరుగుల మీద ముసలివాళ్ళు కూర్చుని ఉంటారు, అక్కడక్కడా బడికి పోయే పిల్లలు ఉంటారు. 'ఊరంతా' అన్న మాటలో వాళ్ళు లేరు. ఆ వాక్యం పోయినవాళ్ళ గురించి ఎంత చెప్పిందో, మిగిలినవాళ్ళను అంతగా చెరిపేసింది. ఈ సంగతి ఏ గైడులోనూ ఉండదు.

అతిశయోక్తిని తగ్గించకండి

అతిశయోక్తి అంటే ఉన్నదానికంటే ఎక్కువ చేసి చెప్పడమని నేర్పి, ఆ ఎక్కువను తీసేసి చదవమంటాం. తీసేయకండి. ఎక్కువ చేసినవాడికి ఎందుకంత అవసరమొచ్చిందో అడగండి.

మా పక్క మండలం పేరు బ్రహ్మసముద్రం. అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం. పాత పేర్లలో చెరువును సాగరమనీ సముద్రమనీ అన్నారు. అనంతపురానికి ఆ పేరు అనంతసాగరం అనే చెరువు వల్ల వచ్చిందంటారు. సముద్రం ఇక్కడికి ఎటు చూసినా వందల కిలోమీటర్లు. సగటున ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే చోట చెరువు కట్టించినవాడు దానికి సముద్రమని పేరు పెట్టాడు. గొప్పకు పోయాడని నవ్వుకోవచ్చు. నేను నవ్వను. చెరువు నిండిన సాయంత్రం కట్ట మీద నిలబడి అవతలి ఒడ్డు చూడండి. ఏడేళ్ళకోసారి చూసే కంటికి అది సముద్రమే. నీళ్ళున్న కోనసీమలో చెరువుకు సముద్రమని పేరు పెట్టాల్సిన పని పడదు. అతిశయోక్తి ఎంత పెద్దదైతే దాని వెనక కొరత అంత పెద్దదని ఈ పేర్ల నుంచే నేర్చుకున్నాను.

"మఖ ఉరిమితే మదురు మీద కర్రైనా పండుతుంది" అని సామెత. గోడ మీద కర్ర ఎక్కడైనా పండుతుందా? అతిశయోక్తి అని రాసి మార్కు తెచ్చుకోవచ్చు. కానీ మఖ కార్తె ఎప్పుడొస్తుందో చూడండి. ఆగస్టు రెండో సగంలో. మా దగ్గర జులైలో వేసిన చెనక్కాయకు ఊడలు దిగే అదను అదే. ఆ ఉరుముకు అంత విలువ. సామెత కొర్రకో జొన్నకో పుట్టి ఉంటుంది, చెనక్కాయకూ సరిగ్గా అతికింది. అది కేలండరు లాంటి మాట. అతిశయోక్తి అని పక్కన పెట్టినవాడు ఆ కేలండరును పోగొట్టుకున్నట్టే.

ఇక 'రతనాల సీమ' సంగతి. సభల్లో ఈ మాట రాని రోజు లేదు. దాని పక్కనే 'రాళ్ళ సీమ' అనే ఎత్తిపొడుపు కూడా వస్తుంది. రాయలు, రాళ్ళు, రతనాలు, ఒకే అక్షరం మీద మూడు మాటలు ఆడతాయి. రాజుల కాలం నాటి గొప్పలని కొట్టిపారేస్తారు. అక్షరాలా నమ్మి తొలకరి పడ్డాక వజ్రకరూరు వెళ్ళండి. ఎర్రటి చేలల్లో జనం తలలు వంచుకుని వజ్రాల కోసం వెతుకుతుంటారు, ఎక్కడెక్కడి ఊళ్ళ నుంచో వచ్చి. వజ్రాలను పైకి మోసుకొచ్చే కింబర్లైట్ శిలలను భూగర్భ శాస్త్రజ్ఞులు అక్కడే కాదు, కళ్యాణదుర్గం పరిసరాల్లోనూ గుర్తించారు. నేల నిజంగానే రతనాల నేల. దాని మీద బతికేవాడికి రతనం అందకపోవడం వేరే సంగతి. ఈ రెండూ కలిపి చెబితేనే పిల్లలకు ఆ మాట అర్థమవుతుంది.

కంటితో చదవకండి

శబ్దాలంకారాలను పుస్తకంలో కింద గీత గీసి నేర్పుతాం. అదే హల్లు పలుమార్లు వస్తే వృత్త్యనుప్రాస, జంటగా వస్తే ఛేకానుప్రాస. ఇది చెవికి పెట్టిన విందును కంటితో తూచడం. పుస్తకం మూసి పైకి అనండి. "వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికెరుక." రాకడ, పోకడ. ఒకటి రావడం, ఒకటి పోవడం. అర్థంలో ఎదురెదురుగా ఉన్న రెండిటినీ చివరి 'కడ' ఒక్క తాడుకు కట్టింది. వాన రాకపోతే పోయేదేమిటో కూడా ఆ తాడే చెప్పింది. అంత్యానుప్రాస అని పేరు రాస్తే ఆ తాడు కనబడదు.

కంబదూరు మండలంలో రాళ్ళపల్లి అనే ఊరుంది. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు 1893లో అక్కడ పుట్టారు. మైసూరు మహారాజా కళాశాలలో మూడు దశాబ్దాలకు పైగా తెలుగు చెప్పారు. వేమన మీద ఆయన చేసిన ఉపన్యాసాలు ఇప్పటికీ ఆ కవి మీద వచ్చిన మంచి విమర్శల్లో ముందు వరసలో నిలుస్తాయి. ఆయనే సంగీత విద్వాంసుడు, తిరుపతిలో అన్నమయ్య కీర్తనలకు స్వరం కట్టినవారు, 1974లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు పొందినవారు. సాహిత్యానికీ సంగీతానికీ ఒకే మనిషి రెండు చేతులా పనిచేశాడంటే ఆ చెవి ఎలాంటిదో ఊహించుకోండి. మా తాలూకా పిల్లలు అలంకారాలను చూపుడువేలితో కాక చెవితో పట్టాలని నేను పట్టుబట్టడానికి ఆయన ఒక కారణం.

సూటిగా చెప్పమని అడగకండి

ఇప్పటి పుస్తకాలు పిల్లలకు స్పష్టంగా రాయడం నేర్పమంటాయి. మంచిదే. కానీ చెప్పకుండా చెప్పిన మాటను వినడం నేర్పకపోతే సగం తెలుగు వాళ్ళకు వినబడదు.

మా అవ్వ రాగుల గంప అడుగంటితే "రాగులు నిండుకున్నాయి" అనేది. చిన్నప్పుడు పరుగెత్తిపోయి గంపలో చూశాను, నిండా ఉంటాయనుకుని. ఖాళీ. "అయిపోయినాయి అని చెప్పొచ్చు కదవ్వా" అన్నాను. "లేవు లేవు అంటాంటే ఇంట్లో ఉండేది గూడా ల్యాకుండా పోతాది నాయనా" అంది. ఆ రోజు గంపలో చెయ్యి పెట్టి తడిమాను కాబట్టే ఆ మాట నాకు ఇప్పటిదాకా బతికి ఉంది. పాఠ్యపుస్తకంలో అది ఒక జాతీయం: నిండుకొను అంటే అయిపోవు. ఒక గీత, ఒక అర్థం. ఖాళీని నిండు అని పిలవాల్సివచ్చిన ఇల్లు ఆ గీతలో లేదు. దీపం ఆరితే కొండెక్కిందంటాం, పాము కరిస్తే పురుగు ముట్టిందంటాం, ఇంట్లోంచి పోతూ వెళ్ళొస్తానంటాం. ఇవి దాపరికాలని కొందరు తేలిక చేస్తారు. భయం ఎక్కడుందో సరిగ్గా అక్కడే ఈ మాటలు పుట్టాయి. తెలుగువాడు దేనికి భయపడ్డాడో తెలుసుకోవాలంటే వీటిని ఒకచోట రాసుకుంటే చాలు.

చెప్పకుండా చెప్పే ఈ విద్యకు పెద్దబాలశిక్ష గాథాసప్తశతి. సాతవాహన రాజు హాలుడు కూర్చిన ప్రాకృత గాథలు. అందులో ఒక గాథ ఉంది. గోదావరి ఒడ్డు పొదరింట్లో ప్రియుణ్ణి కలుసుకునే ఒకామెకు రోజూ పూలకోసం అటు వచ్చే భక్తుడొకడు అడ్డం. ఆమె అతనితో, అయ్యా ఇక నిశ్చింతగా తిరగండి, మిమ్మల్ని బెదిరించే కుక్కను ఆ పొదల్లో ఉండే సింహం చంపేసింది అంటుంది. మాట రమ్మంటోంది. అర్థం రావద్దంటోంది. తొమ్మిదో శతాబ్దంలో కాశ్మీరంలో ఆనందవర్ధనుడు ధ్వని సిద్ధాంతాన్ని నిలబెట్టడానికి ఎత్తుకున్న తొలి ఉదాహరణల్లో ఇదొకటి. మన గోదావరి ఒడ్డు మాట కాశ్మీరం దాకా పోయి శాస్త్రమైంది. ఆ గాథలను ఏరి తెలుగు చేసినవారు మళ్ళీ మా రాళ్ళపల్లి వారే. రాగులు నిండుకున్నాయన్న అవ్వా, సింహం సంగతి చెప్పిన ఆమే ఒకే బడిలో చదివారని పిల్లలకు చెబుతాను. ధ్వని అనే మాట అప్పుడు వాళ్ళను భయపెట్టదు. ఇంకా గట్టిగా గుర్తుండాలంటే చెనక్కాయ చెట్టు చూపిస్తాను. పూత పైన, కాయ కింద.

కావ్యం చదివి ఆకాశం వైపు చూడండి

వాన కోసం విరాటపర్వం చదివించే ఆచారం తెలుగు పల్లెల్లో ఉంది. సరిహద్దు దాటితే కన్నడ పల్లెల్లోనూ ఉంది. చదువుకున్నవాళ్ళు దీన్ని మూఢనమ్మకమంటారు. నా చిన్నతనంలో ఆంజనేయస్వామి గుళ్ళో రాత్రుళ్ళు తిక్కన విరాటపర్వం చదివి అర్థం చెప్పేవారు. పాండవులు ఎక్కడ దాక్కున్నారో వెతికేటప్పుడు భీష్ముడు ఒక గుర్తు చెబుతాడు: ధర్మరాజు ఉన్న దేశంలో వానలు సకాలంలో కురుస్తాయని. ఆ ఘట్టం వచ్చినప్పుడు గుడి బయట కూర్చున్న రైతులు తలెత్తి మోడాలకోసం చూసేవారు. వాన ఎవరి దగ్గర పడుతుందన్నది వాళ్ళకు కావ్యంలోని ప్రశ్న కాదు, వాళ్ళ సొంత ప్రశ్న. ధర్మం ఉన్నచోట వాన పడుతుంది, మన దగ్గర పడలేదు, మరి మన దగ్గర ఏం తప్పింది? ఉత్తర గోగ్రహణంలో అర్జునుడు బాణాల వాన కురిపిస్తుంటే శరవర్షం అన్న మాట దగ్గర 'వర్షం' ఒక్కటే వాళ్ళ చెవిన పడేది.

అంత చెవియొగ్గి కావ్యం విన్న శ్రోతలను నేను తర్వాత ఏ సాహిత్య సభలోనూ చూడలేదు. రూపకాన్ని వాళ్ళు ప్రాణావసరంగా విన్నారు. వాన పడుతుందని కావ్యం చదవమని నేను చెప్పను. అంత అవసరంతో చదవమని మాత్రం చెబుతాను.

నమ్మినంతసేపూ నమ్మి, తర్వాత నిలదీయండి

అక్షరాలా నమ్మడంలో ఒక కాఠిన్యం ఉంది. మంచి అలంకారం దాన్ని తట్టుకుంటుంది. చచ్చిన అలంకారం తట్టుకోలేదు.

"వరుణుడు ముఖం చాటేశాడు" అని పత్రికలు రాస్తాయి. ఇందాక నేనూ ఆ మాటే రాశాను, చూడండి, ఎంత తేలిగ్గా వచ్చేస్తుందో! నమ్మి అడగండి. చాటేసి ఎటు చూస్తున్నాడు? ఎందుకు? ఇక్కడ జవాబు లేదు. ఆ మాట వెనక ఎవరూ ఏమీ చూసి రాయలేదు. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే చాలా తడి వదిలేసి మా దాకా వస్తాయి. ఈశాన్య మేఘాలకు మేం తూర్పు తీరం నుంచి మరీ లోపల. రెండు ఋతుపవనాలకూ మాది చివరి పంక్తి. చెరువుల్లో పూడిక, అడుగంటిన బోర్లు మనుషుల చేతి పనులు. వరుణుడి మీద నెట్టేస్తే ఇవేవీ రాయనక్కరలేదు. అధికారుల కాగితాల్లో అయితే కరువు అనే మూడక్షరాల మాటే ఉండదు, 'వర్షాభావ పరిస్థితులు' ఉంటాయి. పరిస్థితులకు ఆకలి వేయదు. ఎన్నికలప్పుడు 'సస్యశ్యామలం చేస్తాం' అంటారు. సస్యాలతో నల్లగా కమ్ముకున్న నేల అని దాని అర్థం, చాలా చక్కటి సమాసం. దాన్నీ అక్షరాలా నమ్మి, ఏ ఊరు, ఏ సర్వే నంబరు, ఎన్ని ఎకరాలు, ఏ ఏటికి అని అడగమని నా పిల్లలకు చెప్పాను. వేదావతి మీద భైరవానితిప్ప ఆనకట్ట 1961 నుంచి ఉంది. దాని ఆయకట్టు రైతులకు సమాసాలతో పనిలేదు, నీటి మట్టంతో పని.

పేరు పెట్టడం కూడా అలంకారమే, అన్నిటికంటే బలమైనది. 1800లో నిజాం ఈ జిల్లాలను కంపెనీకి ఇచ్చేశాడు. అప్పటి నుంచి నూట పాతికేళ్ళకు పైగా మమ్మల్ని దత్తమండలాలన్నారు. ఇచ్చేసిన జిల్లాలు. ఆ పేరును అక్షరాలా నమ్మినవాడికి ఒళ్ళు మండాలి. అనంతపురం కళాశాలలో తెలుగు చెప్పే చిలుకూరి నారాయణరావుగారికి మండింది. 1928లో నంద్యాల సభలో రాయలసీమ అన్న పేరు ప్రతిపాదించారు. నేల మారలేదు, వాన మారలేదు. కానీ ఎవరో ఎవరికో ఇచ్చేసిన సొత్తుగా కాక, రాయలేలిన గడ్డగా తమను తాము పిలుచుకోవడం అప్పటి నుంచి వచ్చింది. ఒక తెలుగు అధ్యాపకుడు అలంకారంతో చేయగల పని ఎంతదో తెలియాలంటే ఇంతకంటే పెద్ద ఉదాహరణ నాకు తెలియదు.

పేరు చివర పెట్టండి

ఉపమ, రూపకం, శ్లేష, అర్థాంతరన్యాసం అన్న పేర్లు వద్దనడం లేదు. తరాల పండితులు తూచి పెట్టిన పేర్లవి. కానీ బిడ్డ పుట్టాక పేరు పెడతాం. పోలిక పిల్లవాడి నోట పుట్టనివ్వండి, దాన్ని నలుగురూ అక్షరాలా నమ్మి తిరగేయనివ్వండి, విరగనివ్వండి, దిద్దుకోనివ్వండి. ఆ తర్వాత ఇందులో పోల్చింది దేన్ని, దేనితో, ఏ గుణం వల్ల, ఏ మాటతో అని అడిగితే ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం వాటంతటవే దొరుకుతాయి. శ్లేషకు మా ఊరి పేరే చాలు. కళ్యాణమంటే పెళ్ళి, శుభం, బంగారం. దుర్గమంటే కోట, పోవడానికి కష్టమైన చోటు. ఒక గంటలో తరగతి మొత్తం ఎన్ని అర్థాలు కూర్చిందో చెబితే నమ్మరు.

చెరువు పోలిక రాసిన అమ్మాయి అదే వాక్యాన్ని అర్ధసంవత్సర పరీక్షలో ఉపమకు సొంత ఉదాహరణగా రాసింది. పత్రం వేరే బడిలో దిద్దారు. ఉదాహరణ మీద ఎర్రసిరా గీత, పక్కన సున్నా. పుస్తకంలోని ఉదాహరణ కాదని, వలె, పోలె, లాగా అన్న ఉపమావాచకాల పట్టీలో 'మాదిరి' లేదని కారణం. అనంతపురం జిల్లాలో పుట్టిన ఏ బిడ్డైనా నోరు తెరిచి పోలిక చెబితే మొదట వచ్చే మాట 'మాదిరి'.

జవాబు పత్రాలు దిద్దే అయ్యవార్లకు, అమ్మగార్లకు నా మనవి ఇది. ఈసారి మీ కట్టలో పుస్తకంలో లేని పోలిక కనిపిస్తే సిరా పెట్టేముందు ఒక్కసారి దాన్ని అక్షరాలా నమ్మి చూడండి. నిలబడితే పూర్తి మార్కులు వేయండి.